పులి దుప్పట్ల మెట్లు

మా కోరుట్ల గ్రౌండుకు మెట్లు ఒక్క దిక్కే ఉన్నయి. మిగతా మూడు దిక్కులు గోడ, తుమ్మచెట్లు, ఆ చెట్ల నీడకు పండుకునే బర్లు. నా పడుచుతనం మొత్తం ఆ మెట్ల మీదనే గడిచింది, ఫుట్‌బాల్ ఆడి కాదు, అరిచి. ఆడుడు నాకు రాదు. ఒక్కసారి మనిషి తక్కువపడి నన్ను దింపిండ్రు. బంతి కాళ్ల దగ్గరికి వస్తె, ఎదుటోనితోటి మాట్లాడి చెరి సగం చేసుకుందామా అన్నట్టు నిలవడ్డనట. అటెన్క నన్నెవ్వరు దింపలే. మెట్ల మీదికి తోలి, "నువ్వు నోటి పని చూస్కో" అన్నరు.

నోటి పని నాకు పుట్టుకతోటే వచ్చింది. మాది బజార్ల స్టీలు సామాన్ల దుకాణం. గిన్నె కొననొచ్చినామె నోరు తెరవకముందే ఆమె ఎంతకు తీసుకుంటదో మొఖం చూసి చెప్పుడు మా నాయిన నేర్పిన చదువు. ఎవలన్న ఒక మాట చెప్తె అది మొదటి ధర అనుకోవాలె, దాన్ని కోసి మాట్లాడాలె. ఇది మా ఇంట్ల అన్నంతోటి పెట్టిన అలవాటు. డాక్టరు వారం మందులేసుకోమంటె మా అమ్మ "జర తగ్గియ్యుండ్రి సారు" అనేది. ఈ అలవాటు సంగతి ముందే ఎందుకు చెప్తున్ననంటె, నేను చేసిన పని మొత్తం దానితోటే ఆగమైంది.

మా టీముకు పసుపు రంగు అంగీలు. పసుపు పండిచ్చి పసుపు అమ్ముకునే ఊరికి అంగీలు ఇంకే రంగువుంటయి? మ్యాచ్ ఉన్ననాడు మెట్లు గూడ పసుపుపచ్చగ కనవడేటియి. తాన్ల కొద్ది ముతక బట్ట పసుపు రంగుల ముంచి, ఊరి పేరు రాసి, మెట్ల పొడుగునా పట్టుకునేది. నేను దుకాణంల సొట్టవడ్డ పళ్లాలు, వంకరవోయిన గరిటెలు గోనెసంచిల తెచ్చి పంచేది. గోల్ పడితె ఆ చప్పుడుకు బర్లు లేచి ఉరికేటియి. అవుతలి ఊరి గోల్‌కీపర్‌కు చెవులు మూసుకోవాల్నా బంతి పట్టుకోవాల్నా సమజ్ కాకపోయేది.

మా నాయినది ఒక్కటే లొల్లి. "అరేయ్, సొట్టవి తీస్కపోతున్నవు, సరే. మంచియి తీస్కపోయి సొట్టలు పెట్టి తెస్తున్నవు గదరా. గివ్విట్ని ఎవలు కొంటరు?"

"సొట్టకింత తగ్గిచ్చి అమ్ము నాయినా."

"నిన్ను తగ్గిచ్చి అమ్ముదామంటె అడిగినోడు లేడాయె."

అట్ల నడిచింది కొన్నేండ్లు. అటెన్క మెట్లు పల్చవడుడు మొదలైంది. బోర్లు ఎండినయి, పసుపు ధర పడ్డది, ఎవనింట్ల చూసినా పాస్‌పోర్టు ముచ్చటే. ముందుగాల డప్పు కొట్టేటోడు మస్కట్ పోయిండు. డప్పు లేకపోయేసరికి పాట ఎత్తుకునేటోనికి ఊపు రాలే. మల్లా వానకాలంకల్ల వాడు గూడ దుబాయ్ ఎక్కిండు. బ్యానర్‌కు ఈ కొస పట్టుకునేటోడు సౌదీల, ఆ కొస పట్టుకునేటోడు ఖతర్‌ల, నడుమ బ్యానర్ మా దుకాణం అటకమీద. మా పక్కపొంటి ఇబ్రహీంపట్నం నుంచి సైకిళ్లేసుకొని వచ్చే గుంపు మొత్తానికి మొత్తం ఒక్క ఏజెంటు వెంట పోయింది.

ఆఖరికి మెట్లమీద నేను, నా పళ్లెం మిగిలినం. నలుగురు కలిసి పళ్లాలు కొడితె అది సంబురం. ఒక్కడే కొడితె అన్నానికొచ్చినోడు అనుకుంటరు. నిజంగనే ఒక ముసలాయన నా పళ్లెంల చిల్లరేసి పోయిండు. వాపసిచ్చిన్నా అని నన్నడుగకుండ్రి.

నువ్వెందుకు పోలేదంటరా? దుకాణం ఉన్నోన్ని ఏ ఎడారీ పిలువలే. బజార్ల అందరు "నీకేందిరా, నీ బతుకు నీడపట్టున ఉన్నది" అనెటోళ్లు. అది పొగడ్తనో తిట్టో తేల్చుకోలేకపోయిన.

కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల, మూడు ఊర్ల టీములు యేటా పోటీ పెట్టుకునేటియి. ఒక్కో ఊరికి సొంత గ్రౌండుల ఒక్క మ్యాచ్ హక్కు. ఆ పోటీ నడిపే కమిటీకి పెద్ద, జగిత్యాలాయన. ఆడ విత్తనాల దుకాణం ఉన్నది ఆయనకు. ఆ యేడు ఆయన మా దుకాణం కాడికే వచ్చి, స్టూలు మీద కూసుండి, చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టుకుంట చెప్పిండు.

"మీ మెట్లు చూస్తె నాకే సిగ్గయితుంది తమ్మీ. చూసేటోళ్లకన్న ఆడేటోళ్లే ఎక్కువున్నరు. వచ్చే యేటి సంది మీ మ్యాచ్ గూడ జగిత్యాలలనే పెడ్దాం. ఆడ లైట్లున్నయి, జనముంటరు."

"మాకున్నదే ఒక్క మ్యాచ్ గద సేటు."

"అయితె ఒక మాట. గీసారి మీ దగ్గరికి సిరిసిల్లోళ్లు వస్తున్నరు గద, నేనే అచ్చి కండ్లార చూస్త. మెట్లు నిండినయంటె మీ మ్యాచ్ మీకే ఉంటది. నిండకపోతె నన్నడుగొద్దు."

"సగం నిండితె?"

"సగం నిండితె సగం మ్యాచ్ ఇయ్యాల్నా?"

ఆయన పోయినంక మా నాయిన "పోతె పోయింది, ఆ మ్యాచ్ నీకేమన్న అన్నం పెడుతుందా" అన్నడు. దుబాయ్ క్యాంపులల్ల ఉన్నోళ్లు నాకు ఫోన్ చేసి అడిగేది ఒక్కటే ముచ్చట, "మన గ్రౌండ్ ఎట్లున్నదిరా?" ఇల్లెట్లున్నదో ఇంట్లోళ్లను అడుగుతరు. గ్రౌండ్ సంగతి నన్నే అడుగుతరు. ఆ ఒక్క సరుకు నా దగ్గర తప్ప ఇంకే దుకాణంల దొరుకది. మ్యాచ్ జగిత్యాలకు పోతె ఇగ నాకు ఫోనెందుకు చేస్తరు?

మా గల్లి ఎనుక బీడీలు చేసే వదినె ఒకామె ఉంటది. ఆమె పెనిమిటి నాతోటి మెట్లమీద గొంతు చించుకున్నోడే, ఇప్పుడు దుబాయ్‌ల సెంట్రింగ్ పని. కుక్కర్ రబ్బరు ఇయ్యనీకె వాళ్లింటికి పోతె, బీరువ మీద జిప్పు కవర్ల దుప్పటి కనవడ్డది. గల్ఫ్ పోయినోని ఇల్లు అని చెప్పెటందుకు మా దగ్గర అదే గుర్తు. మోయరాని బరువు, పిల్లి తోలంత మెత్తన, నిండ ఒక్కటే పెద్ద పులి మొఖం. ఎవ్వరు కప్పుకోరు, మా ఎండలకు అది కప్పుకుంటె పానం పోతది. చుట్టాలొస్తె దింపి, ఒక్కపారి చెయ్యిపెట్టి చూడనిచ్చి, మల్ల పైన పెడుతరు.

ఆ పులి మా అంగీల రంగే ఉన్నది.

మనుషులు పోయిండ్రు గని వాళ్లు తెచ్చిన పులులు ఇంటికొకటి ఉన్నయి గద, అనిపిచ్చింది. ఒక్కో దుప్పటి కింద ఇద్దరిని నిలవెట్టి పైకి లేపిస్తె, ఇద్దరు మనుషులు ఎనమండుగురి జాగ నింపుతరు. దుకాణపోని బుద్ధి ఇది. అరల సామాను తక్కువైతె మేము ఎడంగ పేర్చి నిండుగ చూపిస్తం.

"వదినె, మ్యాచ్ అయ్యేదాంక నీ పులినియ్యి. ఎట్ల ఇచ్చినవో అట్లనే తెచ్చిస్త."

ఆమె తునికాకు కత్తిరిచ్చుడు ఆపలే. "మీ అన్న లేంది ఆ దుప్పటి గడప దాటది."

"అన్న టీముకే గద వదినె."

"అన్నను తెచ్చియ్యి, దుప్పటి తీస్కపో."

ఇది ఆమె ఒక్కతి మాట కాదు. ఎవలింటికి పోయినా అదే మాట. ఇంటాయన తెచ్చిన దుప్పటి ఇంటాయన లేనప్పుడు బయటికి పోదు. పోతె ఆయన రాకడ ఆలస్యమైతదని వాళ్ల లోపలి గుబులు. ఆ గుబులుతోటి బేరమాడుడు మా నాయిన నేర్పలే. మల్ల వదినె దగ్గరికే పోయిన.

"దుప్పటి నాకియ్యకు. నువ్వే పట్టుకొని రా. నీ చేతిలకెల్లి పోదు. గడప దాటినా నీతోటే దాటినట్టు."

కత్తెర ఆగింది. "ఆడోళ్లం ఆ మెట్లెక్కాల్నా?"

"ఎక్కొద్దని మెట్లమీద ఎవలన్న రాసిండ్రా?"

"రాయకున్నా ఎక్కలే గద ఇన్నేండ్లు." కత్తెర పక్కకు పెట్టి, "అయితె ఫోన్ల మీ అన్నకు చూపియ్యాలె. నన్ను కాదు, దుప్పటిని. కొత్తగనే ఉన్నదని ఆయనకు తెల్వాలె" అన్నది.

ఒక్క ఇల్లు ఒప్పుకుంటె గల్లి ఒప్పుకున్నట్టే. పులి లేనోళ్లకు కోపమొచ్చింది. మజీద్ ఎనుక ఉండే ఖాలా, ఆమెది ఎర్ర పూల దుప్పటి, నన్ను బజార్ల ఆపి నిలదీసింది.

"పులులే కావాల్నా? మా పూలేం పాపం జేసినయి బేటా? సౌదీ నుంచి నెత్తిమీద మోసుకొచ్చిండు మా ఆయన."

"పసుపు రంగు కావాలె ఖాలా."

"పువ్వు నడుమ పసుపున్నది, దేఖో." చూసిన. గోరంత ఉన్నది.

"సరే, చివర్ల నిలవడు."

"చివర్ల ఎందుకు? నడుమ నిలవడుత."

నడుమనే ఇచ్చిన. ఆమెతోటి బేరమాడి గెలిచినోడు మా బజార్ల లేడు.

ఇగ వేళ సంగతి. గల్ఫ్‌ల శుక్రవారం సెలవు. ఆనాడు పొద్దుగాల వాళ్లు బట్టలు పిండుకోవాలె, కూర వండుకోవాలె, నమాజుకు పోయేటోళ్లు పోవాలె. తిని ఫోన్ పట్టుకునేసరికి మాకు మాపటికి నాలుగైతది. అప్పుడైతెనే దుప్పట్లొస్తయి. జగిత్యాలాయనకు ఫోన్ చేసిన.

"సేటు, మ్యాచ్ శుక్రవారం మాపటికి పెట్టుండ్రి."

"శుక్రవారం మంచిదే. కని పొద్దుగాల పెట్టుకో తమ్మీ. వానకాలం. రోజు మాపటికి మబ్బువడుతుంది."

ఆయన మబ్బు అన్నడు, నాకు ధర వినవడ్డది. మొదటి మాట అన్నడు, ఇగ దిగుతడు అనుకున్న. నాలుగింటికే కావాలన్న. పొద్దుగాలైతె అందరికి మంచిదన్నడు. ఎండకు ఆడేటోళ్లు సొమ్మసిల్లుతరన్న, మా ఊరోళ్లు పొద్దుగాల లేవరన్న, నోటికొచ్చిన ప్రతి ఒక్కటి అన్న. ఆఖరికి "సరే, నీ ఇష్టం" అని పెట్టేసిండు.

"ఒప్పిచ్చిన!" అని మా నాయినకు చెప్పిన.

గిన్నె తుడుసుకుంట మా నాయిన, "గాయన విత్తనాలమ్ముతడు గదరా" అన్నడు. అదేం మాటనో అప్పుడు అర్థం కాలే.

శుక్రవారం వచ్చింది. సిరిసిల్లోళ్లు లారీల మీద దిగిండ్రు. గంత మంది ఎట్ల వచ్చిండ్రని నోరు తెరిచి చూసిన. ఆడ సాంచెలు, అంటె వాళ్ల కరెంటు మగ్గాలు, బందువడి ఉన్నయి. నేసిన బట్ట ఇంట్లనే పడి ఉన్నదట. సగం మంది పని కోసం భివండీకి పోదామా అని ముచ్చటపెట్టుకుంటనే మ్యాచ్‌కు వచ్చిండ్రు. మా ఊర్ల పని వెతుక్కుంట పోయి మెట్లు ఖాళీ అయినయి. వాళ్ల ఊర్ల పని లేక లారీలు నిండినయి. వాళ్లను చూసి కుళ్లుకున్న, కుళ్లుకున్నందుకు నా మీద నాకే మండింది.

వాళ్లు తుమ్మచెట్ల కింద బర్లను తోలి నిలవడి, ఒక పొడుగు తెల్ల బ్యానర్ విప్పిండ్రు. ఎక్కడ అతుకు లేదు. అలవాటుకొద్ది వేళ్ల నడుమ బట్టను రుద్ది, "ఎంతకిస్తరు కాకా?" అని అడిగిన. అది పట్టుకున్న నడీడు మనిషి నవ్విండు.

"కొనేటోడుంటె సాంచెలెందుకు ఆగుతయి తమ్మీ?"

ఇటు మా మెట్లమీద ఇంకో తంటా. ఆడోళ్లు వచ్చిండ్రు, నేననుకున్నదానికన్న ఎక్కువే వచ్చిండ్రు. కని గల్లికో కుప్ప కూసున్నరు, కుప్పకు కుప్పకు నడుమ బండి పట్టేంత సందు. జరుగుండ్రంటె ఒకామె "ఆళ్ల పక్కపొంటి నేను నిలవడ" అంటది. పెండ్లిల కూర వడ్డియ్యలేదట. కొన్ని పులులు తలకిందులున్నయి. అరవుండ్రని బతిమిలాడితె మూతికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వుతరు. పళ్లాలు పంచితె ఒకామె బోర్లిచ్చి చూసి, "గీ సైజుది దుకాణంల ఎంతకిస్తున్నవ్?" అని అడిగింది. నాకు తల గోడకు కొట్టుకోవాలనిపిచ్చింది.

జగిత్యాలాయన గ్రౌండు అవుతల కుర్చీల కూసున్నడు. చేతిల గొడుగున్నది. ఎండకు తెచ్చుకున్నడనుకున్న.

టీములు దిగినయి. నేను పళ్లెం కొట్టిన. దుప్పట్లు లేచినయి.

ఆ ఒక్క చూపు చెప్తె వొడువది. కింది మెట్టు నుంచి పై మెట్టుదాంక పులి మీద పులి, నడుమ ఖాలా ఎర్ర పూలు. సిరిసిల్లోళ్ల డప్పు గూడ ఆగింది. జగిత్యాలాయన కుర్చీలకెల్లి లేచి నిలవడ్డడు. నా ఫోన్ల వదినె పెనిమిటి ఒకటే ఒర్రుడు. "మనదేది? మనదేదిరా?"

"నడుమ, పూల పక్కపొంటి."

"చెవి మడతవడ్డది గదరా! చెవి సాపు చెయ్యమను!"

ఆయన ఎనుక క్యాంపు మొత్తం గుమిగూడి ఉన్నది. మాదేది, మాదేది అని ఒకల మీద ఒకలు. ఆ చెవి సంగతి చెప్పెటందుకు నేను గూడ దుప్పట్ల కిందికి ఉరికిన.

కింద చీకటి. కర్పూరం గోలీల వాసన, తునికాకు వాసన, ఉక్క. ఫోన్ల నుంచి "ఏం కనవడుతలేదురా" అని తిట్లు. వదినె చేతులు మార్చుకుంట అడిగింది.

"ఇగ దించుదామా?"

"ఆగు వదినె, పెద్దమనిషి ఇంకింత చూడనియ్యి." నిండుగున్న అరను ఏ దుకాణపోడు తొందరగ మూసుకుంటడు?

"చేతులు పోతున్నయి తమ్మీ. పులి బరువైతుంది."

"అదెట్ల బరువైతది? సరిగ్గ లేపు."

"లేపుతనే ఉన్న. బరువైతుంది."

అప్పుడు పులి కంట్లకెల్లి నా నెత్తి మీద చల్లగ చుక్క పడ్డది. ఆ వెంటనే ఇంకోటి. అందరం నెత్తి మీద దుప్పట్లు పట్టుకొని ఉన్నం గద, మబ్బు ఎప్పుడచ్చిందో ఒక్కలు చూడలే.

"ఓ నాయినో, దుప్పట్లు!" అని ఎవలో ఒర్రిండ్రు. అందరి నోట అదే మొదటి ఒర్రుడు. తమకేమైనా ఫరవాలే, దుప్పటి తడువొద్దు. సంకల కుక్కుకున్నోళ్లు కొందరు, ఇద్దరిద్దరు మోసుకున్నోళ్లు కొందరు, అందరు గోడ పక్కనున్న బడి వరండలకు ఉరికిండ్రు. నేను వెనుకకు తిరిగేసరికి మెట్లమీద నా పళ్లాలు తప్ప ఏం లేవు. వాటి మీద వాన చప్పుడు చేస్తుంది. ఆ యేడు మా మెట్లమీద పళ్లాలు మంచిగ మోగింది అప్పుడే.

అటు సిరిసిల్లోళ్లు తమ తెల్ల బ్యానర్‌ను నెత్తిమీద కప్పుకొని, నిండ తడిసి, డప్పు కొట్టుకుంటనే ఉన్నరు. మ్యాచ్ ఆగలే. వరండల నేను, వదినె చెరో కొస పట్టి పులిని పిండుకుంట ఉండంగ ఎవలో మేం గెలిచినమని చెప్పిండ్రు. ఒక్క గోల్‌తోటట.

జగిత్యాలాయన గొడుగేసుకొని వరండ దాంక వచ్చిండు. "మంచిగ ఆడిండ్రు తమ్మీ."

"మెట్లు నిండినయి గద సేటు. చూసిండ్రు గద."

"నిండినయి. నిండి ఖాళీ అయినయి."

"వానకు సేటు..."

"సిరిసిల్లోళ్లకు గూడ గదే వాన." గొడుగు దులుపుకుంట మెల్లగ అన్నడు, "పొద్దుగాల పెట్టుకోమన్న."

దెప్పినట్టు అనలే. అప్పుడు సమజైంది, ఆనాడు ఫోన్ల ఆయన బేరమే ఆడలే. విత్తనాలమ్మెటోడు, మబ్బు సంగతి తెలిసి ఉన్న మాట చెప్పిండు. నేను ఉత్తగనే మబ్బును తగ్గియ్యమని కొట్లాడిన.

మ్యాచ్ జగిత్యాలకు పోయింది.

తెల్లారి మాడు పగిలే ఎండ. నిన్న గా ఎండ ఏడవోయిందో. తడిసిన పులిని ఇంట్ల ఆరేద్దామంటె దండెం తెగుతుంది, రేకుల మీదికి ఎక్కిద్దామంటె జారుతుంది. ముందుగాల వదినె గ్రౌండుకు మోసుకొచ్చి మెట్ల బండల మీద పరిచింది. ఆమెను చూసి ఖాలా, ఖాలాను చూసి మిగతోళ్లు. పగటాల్లకు నేను పోయి చూస్తె, కింది మెట్టు నుంచి పై మెట్టుదాంక పులులు, ఇంచు సందు లేదు. ఒక్కటి తలకిందులు లేదు. కూర వడ్డియ్యని కొట్లాటోళ్ల దుప్పట్లు గూడ ఒకదానికొకటి అంటుకొని ఉన్నయి. ఆడోళ్లు బీడీల చాటలు ఒళ్లె పెట్టుకొని అంచుల పొంటి కూసున్నరు. తుమ్మచెట్ల కిందికెల్లి ఒక బర్రె ఇటు మళ్లింది. అందరు ఒక్కపారే "హే! హే! హో!" అని ఒర్రితె గ్రౌండ్ దద్దరిల్లింది.

నాకు ఏడుపచ్చినంత పనైంది. "నిన్న గీ నోరేడవోయింది వదినె?"

"నిన్న బర్రెలు రాలే గద."

ఫోటో తీసి జగిత్యాలాయనకు పంపిన. గింత నిండిన మెట్లు ఆయన జన్మల చూసి ఉండడు. జరసేపటికి జవాబు పంపిండు, గొంతు రికార్డు చేసి. "సూడ సక్కగున్నది తమ్మీ. మరి ఆటేది?"

దుబాయ్‌కు గూడ పంపిన. పని నడుమ అన్నం తినే యాళ్లకు వదినె పెనిమిటి ఫోన్ చేసిండు.

"చెవి ఆరిందారా?"

"ఆరుతుందన్నా."

"మనోళ్లు గెలిచిండ్రట గద. గోల్ ఎవడు కొట్టిండు?"

వదినెను అడిగిన. ఖాలాను అడిగిన. ఎవలకు తెల్వదు. నాకు గూడ తెల్వదు. ఆ ఒక్క సరుకు కోసం నాకు ఫోన్ చేసేటోనికి చెప్పనీకె నా దగ్గర ఏం లేకపాయె.

"సరే తియ్యి. వచ్చే యేడు నేనచ్చి మెట్లమీద నిలవడుత. మ్యాచ్ ఎప్పుడో ముందుగాల చెప్పు, సెలవడుగుత."

ఫోన్ల ఆ మాట వినవడి వదినె చేతిల బీడీ ఆగింది. నాదిక్కే చూస్తుంది. మ్యాచ్ ఇగ ఈడ లేదని ఆమెకు తెలుసు. ఆయన వచ్చే యేడు అంటె ఆ మీది యేడని గూడ ఆమెకు తెలుసు, నాకు తెలుసు. ఆ మాట పట్టుకొని దించుదామని, ఇంకింత ముందుగాల రమ్మని అడుగుదామని నోటిదాంక వచ్చింది.

"సరే అన్నా," అన్న. బేరమాడలే.

అంతట్ల బర్రె మళ్ల వచ్చి ఖాలా పూల మీద కాలు పెట్టింది.